డబ్బా తీర్చుకున్న పగ

పగ పట్టడంలో నాకున్న ఓపిక ఇంకే పనిలోనూ లేదు. బియ్యంలో రాళ్ళేరమంటే రెండో గుప్పెడు దగ్గరే లేచిపోతాను. కానీ నా పెళ్ళి విందులో నా విస్తరిలో ఎముకలు మాత్రమే వేసిన మనిషిని ఇరవై ఆరేళ్ళుగా మనసులో భద్రంగా దాచుకున్నాను. ఆయన కాలం చేశాడని తెలిశాక కూడా కోపం ఒక్క చెంచాడు తగ్గించుకోలేదు.

అలాంటి నా చేతికి మా తోడల్లుడు తనంతట తానే వచ్చి చిక్కాడు.

ఆయన మా ఆవిడ చెల్లెలి భర్త. వరంగల్ మెయిన్ రోడ్డులో జంపఖానాల దుకాణం. నన్ను "అన్నా" అని పిలుస్తాడు. పిలిచే ముందు నవ్వుతాడు, పిలిచాక నవ్వుతాడు, ఆ రెండు నవ్వుల మధ్య నా పరువు తీస్తాడు. నాది హనుమకొండ కోర్టు పక్కన టైపింగు, జిరాక్సు సెంటరు. అందులో ఉన్నది ఒకే ఒక కంప్యూటర్. దాని మానిటర్ పాతకాలపుది. ముందు నుంచి చూస్తే టీవీ, వెనక నుంచి చూస్తే ఆంబోతు. పొద్దున స్విచ్ వేయగానే దాని ఫ్యాను చేసే చప్పుడుకు, ఎవరో మంత్రి హెలికాప్టర్‌లో దిగుతున్నాడనుకుని పక్క వకీలు కోటు గుండీలు పెట్టుకునేవాడు.

మా తోడల్లుడు వచ్చినప్పుడల్లా దాని వీపు మీద చరిచేవాడు. "అన్నా, ఈ డబ్బాను ఇంక కోటల పెట్టరాదే? జనం టికెట్ కొనుక్కొని చూస్తరు."

ఆ మాటను నేను ఎప్పుడో క్షమించాను. క్షమించి, పదకొండేళ్ళుగా రోజుకు రెండు పూటలా గుర్తు చేసుకుంటున్నాను, అంతే.

కానీ ఆయన చేసిన అసలు తప్పు నాకు కాదు, మా ఆవిడకు.

మా అత్తగారిల్లు కొత్తవాడలో. మా మామ జీవితమంతా జంపఖానాలు నేశారు. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి మగ్గం ముందు తగిలించుకుని, ఒక్కో గడికి ఇన్ని పోగులని చూసుకుంటూ నేస్తారు వాళ్ళు. ఆయన ఉన్నంతకాలం ఆ గళ్ళు నింపే పని పెద్ద బిడ్డది, అంటే మా ఆవిడది. నన్ను చేసుకున్నాక ఆ చేతికి పప్పుగుత్తి వచ్చింది, గళ్ళు పోయాయి. చాలా ఏళ్ళకు ఫోన్‌లో ఒక గళ్ళ యాప్ దొరికింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక చాప మీద బోర్లా పడుకుని, కళ్ళజోడును ముక్కు చివరికి దించుకుని, వేలితో ఒక్కో గడీ నింపేది. ఆ వేళ ఇంటికి అగ్గి అంటుకున్నా, ఈ వరస అయ్యాక వస్తానని చెప్పే మనిషి. అలా నాలుగు నెలలు కూర్చుని ఒక డిజైన్ పూర్తి చేసింది. అడిగిన వాళ్ళకు నేను నాలుగేళ్ళని చెబుతుంటాను.

ఎట్లా ఉందో చెప్పమని దాని ఫొటో చెల్లెలికి పంపింది. చెల్లెలు మొగుడికి చూపించింది. మొగుడు నోరు మూసుకుని దాన్ని నేయించాడు, హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కు పంపాడు, అక్కడ శాలువా కప్పించుకున్నాడు. తెల్లారేసరికి దుకాణం ముందు ఫ్లెక్సీ లేచింది. అందులో ఆయన ముక్కే మా ఇంటి గడపంత ఉంది. చేతులు జోడించి నిలబడ్డాడు. వెనక ఎరుపు, నలుపు రంగుల్లో మా ఆవిడ నాలుగు నెలల మధ్యాహ్నాలు. కింద "రూపకర్త" అని ఉప్పల్ నుంచి కూడా కనబడేంత అక్షరాలు.

మేమిద్దరం దుకాణానికి వెళ్ళాం. మా ఆవిడ గొంతు పెంచలేదు. "మరిదీ, గా బొమ్మ నాది గదా. పేరన్న రాయకపోతివి" అంది.

ఆయన ఆమెకు కుర్చీ వేశాడు, చాయ్ చెప్పాడు, అప్పుడు నవ్వాడు. "నీదా వదినా? కోటల తోరణం కాడ రాయి చూస్తాంటె నాకు తట్టిన బొమ్మ ఇది. అగో, ఈ మూల ఒక చుక్క తక్కువున్నది చూడు. ఆడ రాయికి గూడ చెక్కు ఊడింది. నేను గా ఊడిన జాగ గూడ ఇడిచిపెట్టలె."

"నా ఫోన్ల చేసిన్నయ్యా నేను."

"ఏది, చూపెట్టు. ఇప్పుడే ఫ్లెక్సీ దింపుత."

ఆమె దగ్గర ఫోన్ లేదు. అంతకు వారం ముందే, పుట్టింటి పక్కన నూలుకు రంగులద్దే చోట గాబులోకి తొంగి చూస్తుంటే అది జారి ఎర్ర రంగులో పడింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, చెల్లెలి ఫోన్‌లో ఉన్న ఫొటోను కూడా అప్పటికే తుడిపేశాడు. తెలిసే అడిగాడు.

"అయినా వదినా, గళ్ళు నింపుడు గూడ ఒక పనేనా? పొద్దుపోక చేసేది" అని చాయ్ ముందుకు జరిపాడు. ఆమె తాగలేదు. నేను తాగాను. పగ మీద ఉన్నవాడికి కూడా ఇరానీ చాయ్ చల్లారితే బాగుండదు.

ఇంటికొచ్చాక ఆమె ఏడిస్తే నాకు కొంత ఊరటగా ఉండేది. ఏడవలేదు. పెట్టె అడుగున దాచుకున్న వాళ్ళ నాన్న గళ్ళ కాగితాలన్నీ చుట్టి అటక మీద పడేసింది. కొత్త ఫోన్ కొనిచ్చి, మళ్ళీ గళ్ళ యాప్ వేయిద్దామా అంటే, "నాకెందుకయ్యా, పొద్దుపోక చేసేది" అంది. ఆ దొంగ మాటే ఈమె నోట్లోంచి వచ్చేసరికి నా ఒంట్లోని రక్తం మొత్తం ఒక్కసారి కుక్కర్ విజిల్ వేసింది. మధ్యాహ్నం పూట ఆమె చాప పరుచుకుని ఊరికే పడుకునేది. వేలు మాత్రం చాప మీద గడులు వెతుక్కుంటుండేది. ఆ వేలును మళ్ళీ గళ్ళలోకి తేవాలి, ఆ ఫ్లెక్సీ దిగాలి. ఈ రెండూ జరిగేదాకా నేను గడ్డం చేసుకోనని ఒట్టు పెట్టుకున్నాను. మూడో రోజు దురద పెట్టి చేసుకున్నాను. కానీ ఒట్టు ఒట్టే.

రంగు గాబులోంచి తీసిన ఫోన్‌ను అందరూ చెప్పినట్టే బియ్యంలో పెట్టాం. ఫోన్ బతకలేదు, మేము వారం రోజులు ఎర్రన్నం తిన్నాం. కానీ అందులోని గోరంత మెమరీ కార్డు మాత్రం క్షేమం. డిజైన్ ఫైలు దాంట్లో ఉంది. ఆ ఫైలు గళ్ళ యాప్‌లో తప్ప ఇంకెందులోనూ తెరుచుకోదు. ఆ యాప్ చేసినవాళ్ళు ఎప్పుడో ఎత్తేసి పోయారు. కార్డులోనే దాని పాత ఫైలు ఉంటే కొత్త ఫోన్‌లో వేసి చూశాను. ఇంత ముసలి యాప్‌ను నేను లోపలికి రానివ్వనని ఫోన్ మొండికేసింది. నాలుగు ఫోన్లు మార్చినా అదే జవాబు.

అప్పుడు తెలిసింది నాకు. ఫోన్లలో ఉండే ఆండ్రాయిడ్‌ను కంప్యూటర్‌లోకీ ఎక్కించవచ్చట. అదీ పాతకాలపు ఆండ్రాయిడ్, పాత యాప్‌లను బంధువుల్లా ఆదరించేది, పాతకాలపు కంప్యూటర్‌లో అయితే హాయిగా నడుస్తుందట.

పాతకాలపు కంప్యూటర్! నేను లేచి నా డబ్బాను కావలించుకున్నాను. లోపల జిరాక్సు కోసం నిలబడ్డ ముసలాయన భయపడి చిల్లర తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఎవడు వెక్కిరించాడో వాడి మీదికి ఆ వెక్కిరింపునే తోలడం కన్నా తీపి ఈ లోకంలో ఇంకొకటి ఉందా? ఉంటే నాకు చెప్పకండి, రెండూ తినలేను.

ఆ ఆండ్రాయిడ్ నా నెట్ మీద దిగడానికి మూడు రోజులు పట్టింది. పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఎక్కించబోతే కంప్యూటర్ ఇంగ్లీషులో ఏదో పొడుగాటి ప్రశ్న వేసింది. కోర్టు దగ్గర పదిహేనేళ్ళు బతికినవాణ్ణి, జనం కాగితాన్ని ఎలా చదువుతారో రోజూ చూస్తున్నవాణ్ణి. నేనూ అలాగే చదివాను, అంటే సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూశాను. అవునని కొట్టాను. అది అడిగింది, పాతవన్నీ చెరిపేయనా అని. పేరు మార్పు అఫిడవిట్, ఇల్లు కిరాయి కాగితం, పింఛను కోసం "నేను బతికే ఉన్నాను" అని రాసిచ్చే నమూనా, అన్నీ ఒక్క వేటుకు పోయాయి. మర్నాడు ఒక రిటైర్డ్ తహసీలుదారు వచ్చి తాను బతికే ఉన్నట్టు కాగితం కావాలంటే, పది రోజులు ఓపిక పట్టి బతకమని చెప్పాను.

అయితేనేం, నా డబ్బా లేచేసరికి ఫోన్ అయిపోయింది. పూర్తిగా ఫోనే. అంత పెద్ద ఒళ్ళు పెట్టుకుని "సిమ్ కార్డు లేదు" అని దిగులు పడింది. గోడలోంచి కరెంటు గుటకలు వేస్తూనే "బ్యాటరీ తక్కువగా ఉంది, ఛార్జర్ పెట్టండి" అంది. తెర పైకి తోయమంటే అద్దం మీద వేలు పెట్టి పైకి తోశాను. అద్దం మీద పదిహేనేళ్ళ దుమ్ములో ఒక చార పడింది తప్ప ఏమీ కదల్లేదు. మౌస్‌తో తోయాలని గుర్తొచ్చేసరికి చొక్కా చేయి నల్లబడింది.

గళ్ళ యాప్ వేశాను. తీసుకుంది! తెరిచాను. తెరుచుకుంది, పక్కకు పడుకుని. ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటారు గదా, ఈ యాప్ నిలువుకు మాత్రమే అలవాటు పడింది. అందుకని తెర మొత్తాన్ని అడ్డంగా తిప్పేసి పడుకోబెట్టింది. ఎన్ని నొక్కినా లేవలేదు. రెండు రోజులు మెడ భుజం మీద ఆనించి చూశాను. మూడో రోజు మెడ అక్కడే ఉండిపోయింది. చౌరస్తాలో వకీళ్ళందరూ, ఏదో కుట్ర గురించి ఆలోచిస్తున్నాడనుకుని నన్ను గౌరవించడం మొదలుపెట్టారు.

చివరికి కొత్తవాడ బుద్ధి పనికొచ్చింది. మగ్గం మీద బొమ్మ అడ్డంగా ఉంటే నేతగాడు మెడ తిప్పడు, కాగితం తిప్పుతాడు. నేను మానిటర్‌ను తిప్పాను. ఆంబోతును పక్కకు దొర్లించి, జారకుండా రెండు వైపులా మామ నేసిన జంపఖానాలు ఇంటి నుంచి తెచ్చి, చుట్టి ఆనించాను. దాని ఎడమ మూల ఊదా రంగుకు తిరిగింది, అయినా బొమ్మ నిటారుగా నిలబడింది. ఇక చిక్కంతా మౌస్‌తోనే. కుడికి జరిపితే బాణం పైకి పోయేది, పైకి జరిపితే ఎడమకు పోయేది.

డిజైన్ చూశాను. ఎరుపు, నలుపు, మూలన ఒక చుక్క తక్కువ. అంతా అదే. కానీ సంతోషం నిమిషం నిలవలేదు. ఇది చూపిస్తే, నా జంపఖానా చూసి ఇప్పుడు దింపుకున్నారంటాడు మా తోడల్లుడు. అప్పుడే కింద ఒక గుర్తు కనిపించింది. నొక్కితే, మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఏ వేలు ఎప్పుడు ఎక్కడ తగిలిందో వరసగా మళ్ళీ చూపిస్తానని రాసి వచ్చింది. మొదటి గడి నిండకముందే కోర్టు ఏరియా మొత్తానికి కరెంటు పోయింది. చాలు, మిగతాది జనం మధ్యే చూద్దామనుకున్నాను. సినిమా ముందే చూసి హాలుకు పోతే మజా ఏముంటుంది?

పెత్రమాస వచ్చింది. ఆ రోజు పోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చి, ఇంట్లో వండి పెడతారు. మామ పేరున కొత్తవాడలో అందరం కలుస్తాం. మా అత్తకు మోకాళ్ళు పనిచేయవు. రెండేళ్ళుగా గడప దాటలేదు. చిన్నల్లుడికి శాలువా వచ్చిందని విన్నదే గాని ఆ జంపఖానాను, ఫ్లెక్సీని ఆమె చూడలేదు.

నేను డబ్బాను దుప్పట్లో చుట్టి ఆటోలో పడుకోబెట్టాను. ఆటో అతను జాలిగా చూసి, "అన్నా, దవాఖానకా?" అన్నాడు.

"కాదు తమ్మీ, ఖాళీ చేతులతో పగ తీరదు. జర గుంతలు చూసి పోనీ."

అత్తగారింట్లో దించి అమరుస్తుంటే తోడల్లుడు మటన్ ముక్క నములుతూ వచ్చాడు. "ఏందన్నా, గీ డబ్బను గూడ పెద్దలల్ల కలిపినవా? దీని పేరు మీద గూడ బియ్యం ఇస్తానవా?" ఇంటిల్లిపాదీ నవ్వారు. అది పడుకుని ఉండటం చూసి, "పాపం, పానం బాగలేదు గావచ్చు" అని ఇంకోసారి నవ్వించాడు.

మా ఆవిడ మాత్రం నా మోచేయి పట్టుకుంది. "ఏం చేస్తానవయ్యా నువ్వు? నాన్న పేరు మీద అన్నం పెట్టే రోజు. వద్దు."

"మీ నాన్నకు చూపెడదామనే" అన్నాను. నిజానికి ఆ మాట అనుకోకుండా వచ్చింది. కానీ అన్నాక ఆమె నా చేయి వదిలేసింది.

గుర్తు నొక్కడానికి మౌస్‌ను నాలుగు దిక్కులా తిప్పాను. బాణం ఐదో దిక్కుకు పోయింది. చివరికి తగిలింది.

తెర మీద తెల్లటి గళ్ళు. ఒక గడి నిండింది. ఆకుపచ్చగా. నేను గతుక్కుమన్నాను. డిజైన్ ఎరుపు, నలుపు గదా, ఇదేం పచ్చ? తప్పు ఫైలు తెరిచానా? తోడల్లుడు అప్పుడే గమనించి, "అన్నా, నా జంపకాన ఎర్రది" అన్నాడు. ఇంకో పచ్చ గడి. మూడు చుక్కలు, వాటి కింద గీత, గీత మీద దీపం లాంటి ఆకారం, దానికి రెండు వైపులా మళ్ళీ చుక్కలు. ఎడమ వైపు మూడు. కుడి వైపు రెండే.

మంచం మీద ఎల్లిపాయలు వలుస్తున్న మా అత్త చేయి ఆగింది. "జర ఆపు బిడ్డా" అంది.

ఆపడం నా చేతిలో ఎక్కడుంది! మౌస్ ఎటు తోసినా ఆ బాణం నా మాట వినలేదు. ఇక ఆమే మంచం దిగింది. రెండేళ్ళుగా గడప దాటని మోకాళ్ళతో ఆ పది అడుగులూ నడిచి, తెర పక్కన తన కుడి ముంజేయి పెట్టింది.

ఆ చేతి మీద పచ్చబొట్టు. ముడతల్లో నలిగి, రంగు మాసి ఉంది. మూడు చుక్కలు, గీత, దీపం. ఎడమన మూడు, కుడిన రెండు.

"జాతరల మా అమ్మ పొడిపిచ్చింది. గీ ఆఖరి చుక్క కాడ నొప్పికి చెయ్యి గుంజుకున్న. మళ్ళ పెట్టనియ్యలె" అంది అందరికీ చూపిస్తూ. తర్వాత చిన్నల్లుడి వైపు తిరిగింది. "కోటల రాయి మీద చూసిన్నంటివట గదా కొడుకా. చెక్కు ఊడిందంటివట. గా రాయి ఏడున్నదో నాకు జర చూపెట్టు."

ఆయన నోట్లో ముక్క అలాగే ఉంది. మింగాలా, ఉమ్మాలా తెలియలేదు. "అత్తమ్మా... ఒక్కోపాలి రెండు బొమ్మలు ఒక్క తీరుగనే..." అన్నాడు.

"చేతులు గుంజుకున్న రాళ్ళు గూడ ఉంటయా?"

మా ఆవిడ అప్పుడు నోరు తెరిచింది. "నువ్వు పండుకున్నప్పుడు నీ చెయ్యి చూసి గీసిన్నే అమ్మా. పూర్తయినంక నేయించి నీ మంచం మీద పరుద్దామనుకున్న. రంగులు తర్వాత మార్చిన." ఈ సంగతి నాకు కూడా తెలియదు. నాలుగు నెలలు నా పక్కనే బోర్లా పడుకున్న మనిషి!

బొమ్మ పెరుగుతూనే ఉంది. పచ్చబొట్టు నాలుగయింది, పదహారయింది, పచ్చ పోయి ఎరుపు వచ్చింది. నేను ఛాతీ విరిచి నిలబడ్డాను. ఆ క్షణానికి ఓరుగల్లు కోట నాకు మోకాలెత్తు ఉంది. సరిగ్గా అప్పుడే తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక నల్లటి వంకర గీత సర్రున దూసుకుపోయింది. బొమ్మ మొత్తం మీద పాము పాకినట్టు.

తోడల్లుడికి ప్రాణం లేచొచ్చింది. "అగో! అగో! గిది ఏంది? నా జంపకాన మీద గీ గీత ఉన్నదా? గిది వేరే బొమ్మ!"

"అది ఈయన వేలు" అంది మా ఆవిడ నన్ను చూపిస్తూ. "క్రికెట్ స్కోర్ చూస్తనని ఫోన్ గుంజుకున్నడు. రెండు వందల గడులు ఒక్కొక్కటి తుడిచిన. అగో, చూడుండ్రి."

తెర మీద గడి తర్వాత గడి, ఓపిగ్గా, నా గీత మాయమవుతూ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఎంత నవ్వారంటే మూలనున్న మామ మగ్గం పోగులు వణికాయి. నా తోడల్లుడు కూడా నవ్వాడు, దొంగ! కానీ అందరికన్నా ముందు నవ్వింది మా ఆవిడ. ఫ్లెక్సీ లేచాక ఆమె నవ్వడం అదే మొదలు. నేను కూడా నా మీద నేను నవ్వాను, పళ్ళు కొరుకుతూ.

అత్త మళ్ళీ మంచమెక్కి ఎల్లిపాయ అందుకుంది. "రేపు పొద్దుగాల ఫ్లెక్సీ దింపు. నేసే ప్రతి జంపకాన అంచుకు నా పెద్ద బిడ్డ పేరు కుట్టిపియ్యి. ఇగ అన్నం తినుండ్రి, చల్లారుతాంది."

తీర్పు అంతే. నేను పదకొండేళ్ళుగా అనుకున్న తిట్లన్నీ, ప్రాసలతో సహా, గొంతులోనే ఉండిపోయాయి. అందుకే చేయి కడుక్కునే దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "తమ్మీ, ఫ్లెక్సీ దింపినంక పారెయ్యకు. నా డబ్బకు దుమ్ము పడతాంది. మీద కప్పనీకె కావాలె. నువ్వే తెచ్చియ్యి."

తెచ్చాడు. మడిచి చంకలో పెట్టుకుని, చౌరస్తాలో ఎవరికీ కనబడకుండా గోడ పట్టుకుని వచ్చాడు. నేనే కప్పుకుంటే పగ ఎలా తీరుతుంది? ఆయన చేతే కప్పించాను. డబ్బా ఎత్తుపల్లాల మీద ఆ ముక్కు సరిగ్గా వేడి గాలి వచ్చే చిల్లుల మీదికి వచ్చింది. రోజూ సాయంత్రం దుకాణం మూసేటప్పుడు ఆ ముఖం కప్పుతాను, పొద్దున తీసి దులుపుతాను. దులపాల్సినదానికన్నా నాలుగు దెబ్బలు ఎక్కువే వేస్తానని ఒప్పుకుంటున్నాను.

మధ్యాహ్నం రెండు దాటితే మా ఆవిడ క్యారియర్‌తో వస్తుంది. నేను తింటుంటే, పక్కకు ఒరిగిన మానిటర్ ముందు ఆమె కూర్చుని గళ్ళు నింపుతుంది. ఎదురు తిరిగే ఆ మౌస్ నాకు లొంగలేదు గానీ ఆమెకు మొదటి రోజే లొంగింది. అటక మీది కాగితాలు కిందికి దిగి ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉన్నాయి. అఫిడవిట్లు నేను చేత్తో రాస్తున్నాను. జనం నన్ను తిడుతున్నారు, ఫికర్ లేదు.

మొన్న తోడల్లుడు వచ్చాడు. హైదరాబాద్ వాళ్ళు ఇంకో డిజైన్ అడుగుతున్నారట. మా ఆవిడ కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ వేళ మానిటర్‌కు ఆనించే జంపఖానాలు దుమ్ము దులపడానికి తీశాను, అందుకని దాన్ని మామూలుగా నిలబెట్టాను. బొమ్మ పడుకుని ఉంది. ఆయన మెడ పక్కకు వంచి చూశాడు, ఇంకాస్త వంచాడు.

"అన్నా, జర తిప్పి పెట్టరాదే, మెడ గుంజుతాంది."

జంపఖానాలు నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను పెరుగన్నంలో మామిడి ముక్క కలుపుకున్నాను.

"అట్లనే చూడు తమ్మీ. వదిన అయిపోయిందనే దాక మెడ ఎత్తకు."